అడిగి మార్చు

ఆ వేసవిలో మా బావ కంప్యూటర్ మౌస్‌ని తోక పట్టుకుని తీసుకెళ్ళి గోడ మేకుకి ఉరేశాడు. "ఈ ఇంట్లో దీని పని ఇవాళ్టితో సరి" అని ప్రకటించి, చేతులు దులుపుకుని కూర్చున్నాడు. అక్క కుట్టుమిషన్ మీంచి తలెత్తి, "అయ్యో పాపం, అదేం చేసిందండీ మిమ్మల్ని?" అంది. నేను పడీ పడీ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు నా మీద నాకే ఒళ్ళు మండుతుంది గానీ, అప్పుడు మాత్రం మా ముగ్గురికంటే సుఖంగా ఉన్నవాళ్ళు ఎక్కడా లేరనే అనుకున్నాను.

ఆఫీసులో ఏసీలన్నీ కూడబలుక్కున్నట్టు ఒకేసారి పాడయ్యాయి. అవి బాగయ్యేదాకా ఎవరిళ్ళలోంచి వాళ్ళు పని చేసుకోమన్నారు. బావ మా జట్టుకి పెద్ద. నేను అతని కింద చేరి ఆరునెలలు. ఉద్యోగం వేయించింది అతనే, నేను తిని పడుకునేది అతనింట్లోనే. ముందుగదిలో ఒక గోడకి మా బల్ల, ఎదురుగా కిటికీ కింద అక్క కుట్టుమిషన్. పొద్దున తొమ్మిదయ్యేసరికి ఇటు కీబోర్డు చప్పుడు, అటు మిషను చప్పుడు మొదలయ్యేవి. పక్కింటావిడ ఒకసారి వచ్చి చూసి, "ఇల్లా, కార్ఖానానా?" అని బుగ్గలు నొక్కుకుని పోయింది.

మా పని ఏమిటంటే, ఏ బస్సు ఏ స్టాపులో ఆగుతుందో చెప్పే జాబితా ఒకటుంది. స్టాపుల్లో వెలిగే బోర్డులకీ, జనం ఫోన్లకీ వివరాలు వెళ్ళేది దాన్నుంచే. వేలకొద్దీ వరసలు. ఎక్కడో రోడ్డు తవ్వుతారు, ఎక్కడో స్టాపు మారుస్తారు, ఆ మార్పులన్నీ మేం అందులో సరిచేయాలి. దానికి బావ వాడే ఎడిటర్ మామూలుది కాదు. మామూలుగా ఏ కీ నొక్కితే ఆ అక్షరం పడుతుంది కదా. ఇందులో అలా పడదు. తెరవగానే అక్షరాలన్నీ ఆజ్ఞలు. ఒకటి నొక్కితే మాట ఎగిరిపోతుంది, ఇంకోటి రెండుసార్లు నొక్కితే వరసకి వరసే మాయమవుతుంది. ముందు ఒక అంకె కొట్టావంటే ఆ అంకెకి సరిపడా వరసలు ఒకేసారి పోతాయి. రాయాలంటే ముందు 'ఐ' నొక్కాలి, రాయడం అయ్యాక 'ఎస్కేప్' నొక్కి మళ్ళీ ఆజ్ఞల్లోకి రావాలి. మొదటి రెండు రోజులు నేను ఏదో రాయబోయి సగం ఫైలు తుడిచిపెట్టేశాను.

"చెయ్యి కీబోర్డు మీంచి లేచిందా, ఆలోచన తెగిపోతుందిరా బామ్మర్దీ," అనేవాడు బావ. మౌస్ ఉండే చోటుకి నా చెయ్యి అలవాటుగా వెళ్ళినప్పుడల్లా లేచి అందరికీ టీ పెట్టాలని శిక్ష. మొదటి వారంలో పంతొమ్మిదిసార్లు పెట్టాను. రెండోవారం నాలుగుసార్లు. మూడోవారం అక్క, "ఏంట్రా, ఈ మధ్య టీయే లేదు, అంతా వచ్చేసిందా?" అని దెప్పింది.

బావ వేళ్ళు చూస్తూ కూర్చుంటే పొద్దు తెలిసేది కాదు. నలభై ఎనిమిదేళ్ళ మనిషి, కళ్ళజోడు ముక్కు చివరికి జారిపోయి ఉంటుంది, కింద పడిన పెన్ను తీయడానికి మూలుగుతాడు. అతని వేళ్ళు మాత్రం కుర్రవాళ్ళని కూర్చోబెట్టి పాఠం చెప్పేవి. అతనికి ఒక్క పట్టింపు ఉండేది. ఫైలంతటా ఒక మాట తీసేసి ఇంకో మాట పెట్టే ఆజ్ఞ ఉంది. దాని చివర ఒక్క అక్షరం తగిలిస్తే, మార్చబోయే ప్రతిచోటా అది ఆగి 'మార్చనా?' అని అడుగుతుంది. ఔనంటే మారుస్తుంది, వద్దంటే వదిలేస్తుంది. ఆ అక్షరం పెట్టకపోతే అడగదు, కన్ను మూసి తెరిచేలోపు అంతా మార్చిపారేస్తుంది.

"అడిగి మార్చు," అనేవాడు. "మిగతాదంతా మర్చిపోయినా పర్లేదు. ఇదొక్కటి గుర్తుంచుకో. అడిగి మార్చు."

ఇంకోటి కూడా అతనే చూపించాడు. 'యు' నొక్కితే చేసిన పని ఒక్కో అడుగే వెనక్కి పోతుంది. ఏ ఎడిటరైనా కొంతదూరం అలా వెనక్కి పోతుంది గానీ, ఫైలు మూసేస్తే మర్చిపోతుంది. బావ తన కంప్యూటర్లో అది మర్చిపోకుండా ఏర్పాటు చేసుకున్నాడు. ఫైలు మూసినా, కంప్యూటర్ ఆపినా, నెల తర్వాత తెరిచినా, ఎవరు ఎప్పుడు ఏం మార్చినా వెనక్కి నడిచి చూడొచ్చు. "నేను మర్చిపోతా. ఇది మర్చిపోదు," అన్నాడు గర్వంగా.

ఒకరోజు అక్క మిషను ఆపి మా వెనకాల వచ్చి నిలబడింది.

"ఒరేయ్ చిన్నోడా, నాకూ నేర్పరా. నా కొలతల పుస్తకం చిరిగి పీలికలైంది. ఎవరి భుజం ఎవరికి కుడుతున్నానో నాకే తెలీడంలేదు."

మా అక్కకీ నాకూ పదహారేళ్ళ తేడా. నాకు అక్షరాలు దిద్దించింది తను. తనకి నేను నేర్పడమా అని మహా సంబరపడిపోయాను. నాలుగే నాలుగు సంగతులు నేర్పి, అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి, తన గుండుసూదితోనే మిషను పైన గోడకి గుచ్చాను. రాయాలంటే ఐ. అయిపోతే ఎస్కేప్. చెరపాలంటే డిలీట్. దాచి బయటికి రావాలంటే రెండు చుక్కలు, డబ్ల్యూ, క్యూ. బావ లేచినప్పుడల్లా తను ఆ కుర్చీలో కూర్చుని, ఒక్కో వేలితో పొడుచుకుంటూ కొలతలు ఎక్కించేది. ఎవరి నడుమైనా పెరిగిందంటే బాణం కీలతో అక్కడిదాకా నడిచి వెళ్ళి, డిలీట్ మీద వేలు పెట్టి టక్, టక్, టక్ అని ఒక్కో అక్షరమే చెరిపేది. చూడలేకపోయాను.

"అక్కా, మాట మొత్తం ఒక్కదెబ్బకి పోయే కిటుకు ఉందే. రెండు నిమిషాలు కూర్చో, చెప్తా."

"వద్దులేరా. కుట్టు విప్పాలంటే నేను ఒక్కొక్కటే విప్పుతా. సర్రున లాగితే గుడ్డ పోతుంది."

"పోనీ 'యు' అయినా నేర్చుకో. తప్పు చేస్తే వెనక్కి వస్తుంది."

బావ పేపర్ చాటునుంచి, "అది మాత్రం నేర్పకురా. మీ అక్క చేసింది ఎప్పుడు వెనక్కి తీసుకుంది గనక? తనకి దాంతో పనేముంది?" అన్నాడు. అక్క మెడలోని కొలత టేపు తీసి అతని మీదికి విసిరింది. నేను నిజంగానే నేర్పలేదు.

* * *

ఎండలు ముదిరాయి. ఒక ఆదివారం పొద్దున ఆఫీసునుంచి కబురొచ్చింది. పన్నెండో నంబరు స్టాపు దగ్గర రోడ్డు తవ్వుతున్నారు, అక్కడ ఆగే బస్సులన్నీ సోమవారం నుంచి ఇరవై ఒకటో నంబరు దగ్గర ఆగాలి. అంటే జాబితాలో పన్నెండు ఉన్న చోటల్లా ఇరవై ఒకటి పెట్టాలి. ఐదు నిమిషాల పని. నేను చేస్తానన్నాను. "నువ్వు ముందు వెళ్ళి ఆ జుట్టు కత్తిరించుకో, ఎలుగుబంటిలా ఉన్నావు," అని బావ నన్ను బయటికి తోలాడు.

నేను తిరిగొచ్చేసరికి కాళ్ళు స్టూలు మీద పెట్టుకుని పేపరు చదువుతున్నాడు.

"అయిపోయిందా?"

"నువ్వు వీధి మలుపు తిరిగేలోపే అయిపోయింది."

"అడిగి మార్చావా?" అన్నాను, వేళాకోళానికి.

"పాతికేళ్ళుగా ఇదే పని చేస్తున్నానురా. నాకే పాఠమా?" అని నవ్వాడు.

అడగకుండానే మార్చాడు. అంతేకాదు, పన్నెండు విడిగా ఉన్నచోటే మార్చమని చెప్పడం కూడా మర్చిపోయాడు. దాంతో ఏ అంకెలో ఒకటీ రెండూ పక్కపక్కన కనిపించినా అది తిప్పేసింది. నూట పన్నెండు నూట ఇరవై ఒకటైంది. మూడొందల పన్నెండు మూడొందల ఇరవై ఒకటైంది. సోమవారం పొద్దున బోర్డులన్నీ అబద్ధాలు చెప్పడం మొదలుపెట్టాయి. జనం ఒక స్టాపులో నిలబడితే బస్సులు ఇంకో స్టాపులో ఆగి వెళ్ళిపోయాయి. పదింటికి ఫోన్లు, పదకొండింటికి కేకలు. పన్నెండింటికి మా ఆఫీసు పెద్ద, మేడమ్ నుంచి ఇంకో ఫోను. ఆస్పత్రికి వెళ్ళాల్సిన ఒక పెద్దాయన బోర్డుని నమ్మి గంటన్నర ఎండలో నిలబడి, కుప్పకూలిపోయాడట.

బావ ఫోను పెట్టేసి చాలాసేపు మేకుకి వేలాడుతున్న మౌస్‌ని చూస్తూ కూర్చున్నాడు.

పెద్దాయన ప్రాణానికి ఏమీ కాలేదని సాయంత్రానికి తెలిసింది. కానీ మేడమ్ ఊరుకోలేదు, ఊరుకోకూడదు కూడా. ఎవరు చేశారో, ఎలా జరిగిందో బుధవారానికల్లా రాతపూర్వకంగా కావాలంది. మా జట్టంతా ఒకటే పాస్‌వర్డుతో పనిచేస్తాం, కాబట్టి ఎవరి చెయ్యో ఆఫీసులో ఎవరికీ తెలిసే వీల్లేదు. జట్టు పెద్ద రాసిందే నిజం. ఆ పెద్దకి రెండేళ్ళ క్రితమే ఒక హెచ్చరిక కాగితం వచ్చి ఉంది. ఇంకో తప్పు జరిగితే ఇంటికే అని అందులో ఉంది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర బావ పళ్ళెంలో వేళ్ళు ఆడిస్తూ, "నేనే చేశానని రాస్తా. దాచడానికేముంది?" అన్నాడు.

అక్క లేచి వెళ్ళి నీళ్ళు తెచ్చింది.

"నీకు నలభై ఎనిమిది బావా," అన్నాను నేను. "ఇప్పుడు బయటికొస్తే..."

"తెలుసురా. అయితే ఏం చేయమంటావు? బోర్డు చేసిందని రాయనా?"

మంగళవారం పొద్దున కూర్చుని రాశాడు. ఒక పేజీ. పైకి చదివి వినిపించాడు. ఏం జరిగింది, ఎలా జరిగింది, మళ్ళీ జరక్కుండా ఏం చేయాలి. మధ్యలో ఒక వరస ఒంటరిగా ఉంది. 'ఈ పొరపాటు చేసింది నేనే. ఇందులో ఇంకెవరికీ సంబంధం లేదు.' అది చదివేటప్పుడు కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. నాకు కళ్ళు చెమర్చాయి. ఇలాంటి మనిషి దగ్గర పని నేర్చుకున్నాను కదా అని లోపల్లోపల పొంగిపోయాను.

"సాయంత్రం ఇంకోసారి చూసి పంపిస్తా," అని ఫైలు అలాగే తెరిచి ఉంచి, ఆస్పత్రిలో ఆ పెద్దాయన్ని చూడ్డానికి బయల్దేరాడు. నేను పాత జాబితా తిరిగి ఎక్కించడానికి ఆఫీసుకి వెళ్ళాను. అక్క మిషను దగ్గర ఏదో చొక్కా కాలరు కుడుతోంది. "భోజనానికి వచ్చేయరా," అంది, ఎప్పట్లాగే.

* * *

బుధవారం మేడమ్ మా ఇద్దర్నీ గదిలోకి పిలిచింది. ఆవిడ కఠినమైన మనిషే గానీ చెడ్డమనిషి కాదు. చేతిలో కాగితం ఉంది.

"ఈ మార్పు చేసింది నువ్వేనా?" అంది.

నన్నే చూస్తోంది. బావని అడగబోయి నావైపు తిరిగిందేమో అనుకున్నాను. ఆవిడ కాగితం బల్లమీద పెట్టి నావైపు జరిపింది. పేజీ అంతా బావ చదివి వినిపించిందే. మధ్యలో ఒంటరిగా ఉండాల్సిన వరసలో మాత్రం నా పేరుంది. కొత్తవాడు, తెలియక చేశాడు, పెద్దమనసు చేసుకుని క్షమించాలి అని ఉంది.

బావ వైపు చూశాను. అతను మేడమ్ బల్లమీది నీళ్ళసీసాని చూస్తున్నాడు. ఆ సీసాలో ఏముందో నాకు తెలీదు గానీ, అంత శ్రద్ధగా ఎడిటర్‌ని కూడా ఎప్పుడూ చూడలేదు. ఒక్కసారి తలెత్తుతాడేమోనని ఎదురుచూశాను. ఎత్తలేదు.

'నేను కాదు' అనడానికి ఎంతసేపు? నోటిదాకా వచ్చింది. అప్పుడు అక్క మొహం కళ్ళముందు కదిలింది. మొన్న భోజనాల దగ్గర లేచి నీళ్ళు తెచ్చిన అక్క.

"అవునండీ, నేనే," అన్నాను.

ఆ మధ్యాహ్నమే నా గుర్తింపు కార్డు తీసేసుకున్నారు. బావకి జట్టుని సరిగా చూసుకోలేదని ఒక మందలింపు, అంతే. బస్సులో మేమిద్దరం పక్కపక్కనే కూర్చుని ఇంటికొచ్చాం. దారంతా అతను ఏదో అనబోయి నీళ్ళు నమిలాడు. నేను కిటికీలోంచి స్టాపుల నంబర్లు చదువుకున్నాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి, నేనే సరిచేశాను.

తర్వాత రెండు వారాలు నేను బావతో మాట్లాడలేదు. ఏసీలు బాగయ్యి అతను ఆఫీసుకి వెళ్ళిపోతున్నాడు కాబట్టి అదేమంత కష్టం కాలేదు. సాయంత్రం అతను వస్తే నేను లేచి బయటికి పోయేవాణ్ణి. అక్క మాత్రం నన్ను కాలు కింద పెట్టనివ్వలేదు. నాకిష్టమైనవే వండింది. అడక్కుండానే నాకు రెండు చొక్కాలు కుట్టింది. నా గోడు వినే మనిషి తనొక్కతే కాబట్టి, రోజూ మిషను పక్కన నేలమీద కూర్చుని నా కడుపులోది వెళ్ళగక్కేవాణ్ణి.

"తడిగుడ్డతో గొంతు కోశాడక్కా. మనకి చదివి వినిపించాడు చూడు, అది తట్టుకోలేకపోతున్నా. ముందే నా పేరు రాసుకుంటే పోయేదిగా? ఆ నాటకమెందుకు?"

అక్క సూదిలో దారం ఎక్కిస్తోంది. ఎక్కలేదు. దారం చివర తడిచేసి మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ తప్పింది.

"ఆయన్నేం అనకురా," అంది. "ఆయన మంచివాడే. ఎవరి భయం వాళ్ళది."

"నువ్వు చాలా మంచిదానివి కాబట్టి అలా అంటున్నావు. ఇటివ్వు," అని సూది తీసుకుని దారం ఎక్కించి తన చేతిలో పెట్టాను. తను నా తల నిమిరింది. ఆ చెయ్యి నా తలమీద చాలాసేపు ఉంది.

* * *

ఇంకోచోట ఉద్యోగానికి రమ్మని పిలుపొచ్చింది. మర్నాడు వెళ్ళాలి. ఆ మధ్యాహ్నం అక్క కుట్టిన బట్టలు ఇవ్వడానికి నాలుగు వీధుల అవతలికి వెళ్ళింది. ఇంట్లో నేనొక్కణ్ణే. నా వివరాలు ఒక కాగితం మీద పెట్టుకుందామని బావ కంప్యూటర్ తెరిస్తే, ఈమధ్య తెరిచిన ఫైళ్ళలో ఆ నివేదిక కనిపించింది.

తెరవకుండా ఉండాల్సింది. కానీ నాకొక పాడు కోరిక పుట్టింది. బావ నన్ను ఏ దెబ్బతో నరికాడో చూడాలనిపించింది. అతని చేతివేగం నాకు తెలుసు. వరసంతా కొట్టేసి కొత్తది రాయడానికి అతనికి రెండే కీలు చాలు. నా పేరు పెట్టేముందు కనీసం తడబడ్డాడా, రెండు మూడుసార్లు రాసి కొట్టేశాడా, లేక అలవాటైన పనిలా కానిచ్చేశాడా? ఆ ఫైలు ఏదీ మర్చిపోదు. అతనే చెప్పాడు.

'యు' నొక్కాను. నా పేరున్న వరసలో ఆఖరి చుక్క పోయింది. అంతే, ఇంకేం కదల్లేదు.

మళ్ళీ నొక్కాను. ఆ వరస మొత్తం ఒక్కసారిగా పోయి, ఖాళీ జాగా మిగిలింది. సరే, ఇప్పుడు ఇంకోసారి నొక్కితే బావ రాసిన వరస మొత్తంగా తిరిగొస్తుంది, అప్పుడు మూసేద్దాం అనుకున్నాను. నొక్కాను.

ఒక్క చుక్క వచ్చింది.

మళ్ళీ నొక్కాను. ఆ చుక్క ముందు 'దు' వచ్చింది. మళ్ళీ నొక్కితే 'లే' వచ్చింది. ఎడిటర్ చెడిపోయిందేమో అనుకున్నాను. నొక్కుతూ పోయాను. ఒక ఖాళీ. 'ధం'. 'బం'. 'సం'. వాక్యం తోకనుంచి తలవైపు, ఒక్కో అక్షరమే తిరిగొస్తోంది. ఇలా రావాలంటే ఎవరో మొదటి అక్షరం మీద నిలబడి, ఒక్కొక్కటే చెరుపుకుంటూ వెళ్ళి ఉండాలి.

నా వేలు ఆగిపోయింది. ఈ ఇంట్లో అలా చెరిపేది ఒక్కరే.

పెద్దమనసు చేసుకుని. గిరాకీలకి బట్టలు ఆలస్యమైనప్పుడల్లా గుమ్మంలో నిలబడి అక్క అనే మాట అది. 'పెద్దమనసు చేసుకుని రెండ్రోజులు ఆగండమ్మా.' మేడమ్ గదిలో ఆ మాట చదివి కూడా నాకు వెలగలేదు.

మిగతావి కూడా వెనక్కి తెచ్చాను, లెక్కపెట్టుకుంటూ. చుక్కలూ ఖాళీలూ కలిపి ముప్పై రెండు. నేను నేర్పిన డిలీట్ కీ మీద మా అక్క ముప్పై రెండుసార్లు వేలు వేసింది. ఎక్కడైనా ఆగిపోవచ్చు. 'నేనే' దగ్గర ఆగొచ్చు. 'ఇంకెవరికీ' దగ్గర ఆగొచ్చు. ఆగలేదు. చివరిదాకా వెళ్ళి, 'ఐ' నొక్కి, నా పేరు రాసి, 'ఎస్కేప్' నొక్కి, రెండు చుక్కలు, డబ్ల్యూ, క్యూ. నాలుగు సంగతులూ ఒక్కటి కూడా తప్పకుండా చేసింది. మంచి శిష్యురాలు.

ఇక మొదటిసారి 'యు' నొక్కినప్పుడు పోయిన ఆ చుక్క. తను వాక్యం చివర చుక్క పెట్టడం మర్చిపోయింది. అది బావ పెట్టాడు. సాయంత్రం వచ్చి, ఫైలు తెరిచి, చదివి, తను రాసింది లేదని చూసి, ఎవరు చేశారో అర్థం చేసుకుని, ఒక్క చుక్క పెట్టి పంపించాడు. మొత్తం వ్యవహారంలో అతని వంతు ఆ చుక్క ఒక్కటే.

ముందుకు నడిపించే కీ కూడా ఒకటుంది. దానితో అన్నీ మళ్ళీ యథాస్థానంలో పెట్టాను. ముప్పై రెండు అక్షరాలు పోయాయి, నా పేరొచ్చింది, చుక్క పడింది. ఫైలు మూసేశాను. మా నాన్న పోయినప్పుడు కూడా నాకు ఇంత ఒంటరితనం తెలియలేదు, ఎందుకంటే అప్పుడు అక్క ఉంది.

తను వచ్చింది. చెమట తుడుచుకుంటూ సంచీ దించి, "ఏంట్రా, టీ పెట్టనా?" అంది. తర్వాత నేను కూర్చున్న కుర్చీ చూసింది, నా మొహం చూసింది.

"చూశావా?"

"చూశా."

తను మిషను స్టూలు మీద కూర్చుంది. ఒళ్ళో చేతులు పెట్టుకుని, కిటికీ వైపు తిరిగి మాట్లాడింది.

"నీకు ఇరవై ఆరేళ్ళురా. ఇవాళ కాకపోతే రేపు ఇంకోటి దొరుకుతుంది. ఆయనకి ఎవరిస్తారు? ఇంట్లో కూర్చుంటే ఆయన బతుకుతారా? నువ్వే చెప్పు."

"నేనూ అదే అన్నాగా అక్కా. ఆయన ముందే అన్నా."

"అన్నావు."

"మరి నన్నొక్క మాట అడిగితే ఏం? ఒరేయ్, నీ పేరు పెడతానురా అంటే నేను కాదనేవాణ్ణా? మేడమ్ అడిగితే నేనే అన్నానే, అవునని!"

"కాదనవు. నాకు తెలుసు."

"తెలిసీ?"

గోడకి గుచ్చిన అట్టముక్క ఫ్యానుగాలికి టపటప కొట్టుకుంటోంది.

"అడిగితే ఒప్పుకుంటావని తెలుసురా," అంది చివరికి. "నువ్వు ఒప్పుకున్నాక నీ మొహం రోజూ నేనెలా చూడను?"

"అడక్కపోతే చూడొచ్చా? రెండు వారాలు ఇక్కడే, నీ కాళ్ళ దగ్గరే కూర్చుని బావని తిట్టానే. విన్నావే అన్నీ. నా తల నిమిరావే!"

తనకి ఏడుపొచ్చింది. నాకు రాలేదు. వస్తే బాగుండేది. అక్క కళ్ళు తుడుచుకుని, చేతికి అందిన గుడ్డ ఏదో మిషను కింద పెట్టి తొక్కడం మొదలుపెట్టింది. దారం లేకుండానే కుట్టుకుంటూ పోయింది.

ఎండాకాలం అయిపోయేలోపే నాకు ఉద్యోగం దొరికింది, అక్క చెప్పినట్టే. వేరే గది తీసుకున్నాను. వెళ్ళేరోజు బావ నా పెట్టె బస్సుస్టాపుదాకా మోశాడు. బస్సు వచ్చేదాకా నంబరు బోర్డు చూస్తూ నిలబడి, ఎక్కేముందు, "ఒరేయ్..." అన్నాడు. పెట్టె అందుకుని ఎక్కేశాను. తర్వాత పండక్కీ పబ్బానికీ వెళ్తూనే ఉన్నాను. తింటాం, మాట్లాడుకుంటాం. అక్క నాకిప్పటికీ చొక్కాలు కుడుతుంది, కొలత తీసుకోకుండానే సరిగ్గా వస్తాయి. అట్టముక్క అక్కడే ఉంది. నేను తీయలేదు, తనూ తీయలేదు.

కొత్త ఆఫీసులో నన్ను చూసి నవ్వుతారు. వేళ్ళు ఇంత వేగంగా ఆడతాయి, తీరా ఫైలంతా మార్చాల్సి వచ్చినప్పుడు మాత్రం కూర్చుని ప్రతిచోటా ఔను, ఔను, వద్దు, ఔను అని జవాబు చెబుతుంటావేమిటయ్యా, అంత చాదస్తమా అంటారు. ఎంతసేపు పడుతుంది, అడగమని చెప్పడానికి ఒక్క అక్షరమేగా అంటాను. మా అక్కకి ముప్పై రెండు అక్షరాలు చెరిపే ఓపిక ఉంది, అడగడానికి ఆ ఒక్కటి లేకపోయింది.